గుమ్మం దాటించే తాత

మా మిషన్‌పేటలో పరాయివాడనేవాడు లేడు. ఉండడు. చీపురుపల్లి స్టేషన్లో వాలిన కాకి మా పేట మీదుగా ఎగరాలన్నా ఎవరి తాలూకో చెప్పుకుని మరీ ఎగరాలి. పేటలో ఉన్న ప్రతి మనిషీ పేటలోనే పుట్టాడు, ఇక్కడి బావి నీళ్ళే తాగాడు, ఇక్కడి చర్చి గంటకే ఉలిక్కిపడి లేచాడు. ఇలాంటి ఊరు విజయనగరం జిల్లా మొత్తం మీద ఇంకొకటి చూపించండి, నా మీసం తీసేస్తాను.

ఈ గొప్పను మోయడానికే పుట్టినట్టు ఉండేవాడు ఎజ్రా. సాలూరు లారీల మీద రాయపూరు దాకా, కలకత్తా దాకా తిరిగి తిరిగి, చివరికి మోకాళ్ళు ఇంక క్లచ్చి తొక్కలేమని చేతులెత్తేస్తే పేటకొచ్చి కూర్చున్నాడు. గొంతు మాత్రం లారీ హారన్‌గానే మిగిలిపోయింది.

ఏ వారంలో ఎవరి పుట్టినరోజు వస్తే వాళ్ళు ఆదివారం ముందుకొచ్చి సాక్ష్యం చెప్పడం మా చర్చిలో ఆనవాయితీ. మిగతావాళ్ళు ఇన్నేళ్ళు కాపాడిన దేవుడికి స్తోత్రమని చెప్పేసి కూర్చుంటారు. జనవరిలో ఎజ్రా లేచి నిలబడ్డాడంటే మాత్రం ఆడవాళ్ళు పొయ్యి మీద పెట్టొచ్చిన కూరలు తలుచుకుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

"మా యమ్మ నన్ను మోస్తన్నప్పుడే రంగూన్లో మనోళ్ళని ఎల్లిపొమ్మన్నారు. ఓడెక్కినాది. నడి సముద్రంలో తుపాను. ఆ తుపాన్లో నాను పుట్టినాను. ఓడ కెప్టెను సొంత సేత్తో నాకు పంచదార నీళ్ళు పట్టినాడు. అయితే ఏటి? నాను కళ్ళు తెరవనేదు. ఇశాపట్నం రేవులో దించినా తెరవనేదు. రైలెక్కించినా తెరవనేదు. ఇదిగో, ఈ గుడి గుమ్మం దాటించినప్పుడు తెరిసినాను! పుట్టింది నీళ్ళ మీదే గానీ, లోకాన్ని సూసింది మిషన్‌పేటలోనే."

పైగా ఆ పసిగుప్పిట్లో వాళ్ళమ్మ రేగుపండంత రంగూన్ కెంపు దాచి తెచ్చిందట. అది ఇప్పటికీ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉందనేవాడు. ఆ పెట్టె తాళంచెవి ఎప్పుడూ పోయే ఉండేది. ఎజ్రా తల్లి అతని భార్య జ్ఞానసుందరికి స్వయానా మేనత్త. అసలు సంగతి ఆ మేనత్త నోటే విన్న మనిషి కాబట్టి, సాక్ష్యం నడుస్తున్నంతసేపూ జ్ఞానసుందరి చర్చి పైకప్పులో బల్లులేవైనా ఉన్నాయేమోనని వెతుకుతూ ఉండేది.

జనవరి సాక్ష్యంతో ఎజ్రాకి కడుపు నిండేది కాదు. మిగతా ఏడాదంతా అతని కచేరీ చర్చి ప్రహరీని ఆనుకుని రోడ్డు వైపున్న గదిలో నడిచేది. విరిగిన బెంచీలు పడేసే గది అది. అందులో ఒక చేతుల కుర్చీ ఎజ్రాది. ఎదురుగా ఆదాము, ఎల్లాజీ కూర్చుని వినేవాళ్ళు. ఆదాము ప్రతి మాటా నమ్మేవాడు. ఎల్లాజీ ఏదీ నమ్మేవాడు కాదు. అబద్ధం బతకాలంటే ఇద్దరూ కావాలి.

పేటలో మిగతావాళ్ళేరీ అంటారా? వయసులో ఉన్నవాళ్ళంతా ఎగిరిపోయారు. వెల్డింగు నేర్చినవాళ్ళు మద్రాసు, నర్సు చదివిన ఆడపిల్లలు హైదరాబాదు, తాపీ పట్టినవాడు ఎక్కడ మేడ లేస్తే అక్కడికి. మిగిలింది మేమూ, మా మందు బిళ్ళలూ. పాటల బృందంలో అందరి గొంతులూ ఒకేలా వణికేవి. అదే రాగమనుకుని కొత్తవాళ్ళు మెచ్చుకునేవారు కూడా.

అలాంటి రోజుల్లో ఎజ్రా రాయగడలో ఓ పెళ్ళికి వెళ్ళొచ్చేసరికి, చర్చి కమిటీ రోడ్డు వైపు గదిని అద్దెకి ఇచ్చేసింది. ఎజ్రా కుర్చీ ఉండే చోట పెద్ద అల్యూమినియం పాత్ర పొగలు కక్కుతోంది. దాని వెనక కళ్ళు చిన్నవి చేసి నవ్వుతూ ఒక కుర్రాడు.

అతని పేరు మాన్‌బహదూర్. నేపాలువాడు. మీసాలు రాకముందే దేశం దాటి వచ్చి, హైదరాబాదు హోటల్లో గిన్నెలు తోమి, విశాఖపట్నంలో నూడుల్సు వేయించడం నేర్చి, చీపురుపల్లి స్టేషను దగ్గర బండి పెట్టాడు. కాస్త నిలదొక్కుకున్నాక ఊరెళ్ళి దిల్‌మాయను పెళ్ళాడి తెచ్చుకున్నాడు. ఇప్పుడు గది తీసుకున్నాడు. ముందు భాగంలో కొట్టు, తెర వెనక కాపురం. దిల్‌మాయ పుట్టింటివాళ్ళు ప్రార్థనకు వెళ్ళేవాళ్ళే కనక, ఇద్దరూ బండి రోజులనుంచే ఆదివారం వచ్చి ఆఖరి వరసలో కూర్చునేవారు. బహదూర్ తెలుగు మాత్రం ఇక్కడిదే. మాకంటే ఇక్కడిది.

"ఏటిది?" అంది జ్ఞానసుందరి మొదటిసారి మోమో చేతిలో పెడితే.

"తిని సెప్పు అప్పా. నచ్చకపోతే నన్ను తిట్టు."

"ఓలమ్మ, ఉడకబెట్టిన కజ్జికాయ!" అని తిని, ఇంకో రెండు ఇంటికి కట్టించుకుంది. ఎజ్రా ముట్టుకోలేదు. ముట్టుకోలేదనే పేటంతా చెప్పుకున్నాడు.

అతని మంట మోమోల మీద కాదు. ఆదాము, ఎల్లాజీ ఇప్పుడు పొద్దుటే బహదూర్ కొట్టు ముందు బల్ల మీద తేలుతున్నారు. తేలడమే కాదు, వాడి కబుర్లు వింటున్నారు. ఎజ్రా ఎదురుగా చర్చి మెట్ల మీద కూర్చుని, వినడం లేదని అందరికీ తెలిసేలా అటు తిరిగి, చెవులు మాత్రం ఇటు పెట్టేవాడు.

"మాది కొండ," అంటున్నాడు బహదూర్. "ఎలాటి కొండనుకున్నారు? మేకల్ని తాడేసి కట్టకపోతే జారిపోతాయి. మా ఇంట్లో పెట్ట గుడ్డెడితే ఆగదు కదా, దొర్లతాది. ఒక ఊరు, రెండూళ్ళు, అలా దొర్లుకుంటా ఎండ తగిలి తగిలి, అడుగునున్న ఊరికి సేరేసరికి పిల్లయిపోయి సిన్న కాళ్ళతో నడుసుకుంటా ఎల్తాది."

"అయ్యబాబో!" అన్నాడు ఆదాము.

"మరి ఆ పిల్ల ఏ ఊరిదిరా?" అన్నాడు ఎల్లాజీ.

"అదే తాతా గొడవ! పైనోళ్ళు మాదంతారు. కిందోళ్ళు మాదంతారు. ఇంకా తీరనేదు."

ఏమీ నమ్మని ఎల్లాజీ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎజ్రా గుండె అక్కడ కోసుకుపోయింది. ఇన్నేళ్ళలో తన ఓడ కథకి ఎల్లాజీ ఒక్కసారైనా పళ్ళు చూపించాడా?

ఆ రోజునుంచి పట్టుబట్టాడు. ఆ గది సంఘానిది, సంఘం పెద్దలకే ఉండాలి, బయటివాడికి రోడ్డు వైపు గది ఏమిటని కమిటీలో ఒక్కొక్కరినీ కదిపాడు. ఆదామూ ఎల్లాజీ కూడా, పాత స్నేహం కాదనలేక తలూపారు. నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక తేల్చేద్దామన్నారు. గది పోతే బహదూర్‌కి చుట్టుపక్కల ఇంకోటి దొరకదు. విశాఖపట్నం తిరిగెళ్ళి, మగవాళ్ళంతా వరసగా పడుకునే గదిలో తానొక్కడే ఉండి, దిల్‌మాయను నేపాలు పంపెయ్యాలి. దిల్‌మాయకి అప్పుడు నెలలు నిండుతున్నాయి.

ఇంతలో అంగన్‌వాడీ టీచరు గ్లోరీ వచ్చింది. పంచాయతీలో బయటినుంచి వచ్చి బతుకుతున్నవాళ్ళెవరు, వయసెంత, పనేమిటి, పెళ్ళాం పిల్లలు వెంట ఉన్నారా అని వాకబు చేసే పని ఆవిడ నెత్తిన పడింది. తిరిగి తిరిగి చర్చి మెట్ల మీద ఎజ్రా పక్కన కూలబడింది.

"తాతా, ఓ ఇచిత్రం సెప్పనా? ఫ్యాక్టరీలో ఒడిశా గుంటలు, టైల్సేసే బీహారోళ్ళు, మిఠాయి కొట్టు రాజస్థానోడు, ఈ బహదూరు, అందరినీ అడిగొచ్చినాను. అంతా వయసోళ్ళే. ముసిలోడన్నోడు ఒక్కడు నేడు."

"ముసిలోళ్ళెందుకొస్తారే? మోకాళ్ళ నొప్పులు ఈడ సరిపోకనా?"

"ఆడోళ్ళు కూడా ఏదో అక్కడొకరు, ఇక్కడొకరు. ఎవుడు సంపాదించినా ఇంటికే పంపుతాడు, ఈడ పస్తుంటాడు. ఆళ్ళకి ఈడ అమ్మ నేదు, తాత నేడు. మన పేటలో సూస్తే తాతలు తప్ప ఎవులూ నేరు. నా అంగన్‌వాడీలో పిల్లలు నేక ఉయ్యాల తుప్పట్టిపోతన్నాది."

"ఆళ్ళ సంగతి నువ్వు రాసుకో. మా పేటలోకి మాత్రం రాకు. ఈడ అందరూ ఈడోళ్ళే."

గ్లోరీ విరగబడి నవ్వింది. "ఏటి తాతా! ఆదాము తాత వోళ్ళ నాన్న పర్లాకిమిడి నుంచి మూటతో రానేదా? ఎల్లాజీ తాత సాలూరు అవతల కొండల్లోంచి దొరల బడికొచ్చి ఉండిపోనాడు. మా వోళ్ళు బొబ్బిలి. ఈ పేట కట్టిన దొర ఏ దేశపోడో ఆడి సమాధి మీదే రాసున్నాది. ఈడే పుట్టి ఈడే పెరిగింది ఎవులంటే, అదిగో, ఆ నుయ్యి!"

సరే, మొదట్లో నేను చెప్పిన గొప్ప ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను. పేటలో అందరూ ఎక్కడినుంచో ఒకచోటినుంచి వచ్చినవాళ్ళే. మీసం తీసేస్తానన్నాను కాబట్టి ఎదురు చూస్తున్నారేమో. నాకు మొదటినుంచీ మీసం లేదు.

దిల్‌మాయకి ఆడపిల్ల పుట్టింది. చాలా ఏళ్ళ తర్వాత పేటలో పసిబిడ్డ ఏడుపు వినబడేసరికి, చెవుడున్న ముసలమ్మలు కూడా విన్నామనే చెప్పారు. జ్ఞానసుందరి బాలింతకి కాయం కలిపి పట్టుకెళ్ళింది. రోజూ నూనె రాసి నీళ్ళు పోసొచ్చేది. ఎజ్రా అడగకుండానే పిల్ల సంగతులన్నీ చెప్పేది. ఎజ్రా వినకుండానే అన్నీ గుర్తుపెట్టుకునేవాడు.

మా చర్చిలో ఇంకో ఆనవాయితీ ఉంది. బిడ్డ మొదటిసారి చర్చికొచ్చిన రోజున తల్లీ తండ్రీ గుమ్మం బయటే ఆగాలి. తాత బిడ్డనెత్తుకుని గుమ్మం మీద నిలబడి, ఈ బిడ్డ ఎవరి తాలూకో, ఎక్కడినుంచి వచ్చినవాళ్ళో నలుగురికీ వినబడేలా చెప్పి, పేరు పెట్టి, లోపలికి దాటించాలి. గుమ్మం మీద నిలబడ్డవాడు అబద్ధం ఆడకూడదు. తాత లేకపోతే ఆ వైపు పెద్దమనిషి ఎవరైనా చాలు.

పాస్టరు ఫిన్నీ అదే అడిగాడు. "మీ వైపు పెద్దవాళ్ళెవరైనా రాగలరా?"

"మా నాన్న నేడు. దిల్‌మాయ నాన్న కొండ దిగనేడు," అన్నాడు బహదూర్. "అయినా ఈడే ఉన్నాడు కదండీ మా వైపు పెద్ద. ఎజ్రా తాత."

ఫిన్నీ గారికి దగ్గొచ్చింది. ఏ ఎజ్రా అని అడుగుదామనుకుని, పేటలో ఇంకో ఎజ్రా లేడు కదా అని ఊరుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బహదూర్ చెప్పులు వాకిట్లో విడిచి, ఎజ్రా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. విషయం విని ఎజ్రా మంచంమీంచి లేచి కూర్చున్నాడు.

"ఎవుడు సెప్పినాడ్రా నాను మీవోణ్ణని?"

"నువ్వే కదా తాతా. ఈ జనవరిలో సెప్పినావు, ముందు జనవరిలో సెప్పినావు. నాను ఈడ పుట్టనేదు, ఓడ మీదొచ్చినాను, ఈ గుమ్మం దాటినాక ఈడోణ్ణయినాను అని. అది ఇని దిల్‌మాయ ఏడ్సేసినాది. మనకీ అలాగే అవుతాది సూడు అన్నాది. పేటలో మాలాగ దేశం కాని దేశం నుంచొచ్చిన పెద్ద నువ్వొక్కడివే."

లోపల గిన్నె కిందపడిన చప్పుడైంది. జ్ఞానసుందరి నవ్వాపుకోలేకపోయింది.

ఆ ఓడ కథ అందరూ విన్నారు. ఆదాము నమ్మాడు, ఎల్లాజీ వెక్కిరించాడు, ఆడవాళ్ళు కూర మాడిందని తిట్టుకున్నారు. దాన్ని పట్టుకుని ఎవరైనా బతుకుదామనుకోవడం ఇదే మొదటిసారి.

"ఆ గది కాళీ సేయించమన్నది నానేనని తెలుసా నీకు?"

"తెలుసు తాతా. అది కమిటీ సంగతి. ఇది ఇంటి సంగతి."

బహదూర్ వెళ్ళాక ఎజ్రా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఎత్తుకుంతావా బావా?" అంది జ్ఞానసుందరి.

"మోకాళ్ళు."

"పిల్లని మోకాళ్ళతో ఎత్తుకుంతారేటి?"

"ఎత్తుకుని మళ్ళీ ఆ నోటితోనే ఆళ్ళని పొమ్మనాలా? నావల్ల కాదు."

"అది కాదు నీ బయం. గుమ్మం మీద నిజం సెప్పాల. అదీ నీ బయం."

నెలాఖరు ఆదివారం వచ్చింది. ఎజ్రా తెల్లవారుతూనే మోకాళ్ళు పట్టుకుని మూలగడం మొదలెట్టాడు. జ్ఞానసుందరి ఇస్త్రీ చొక్కా మంచం కోడు మీద వేసి, తను వెళ్ళిపోయింది. వాళ్ళ అరుగు మీదినుంచి చర్చి గుమ్మం సూటిగా కనిపిస్తుంది. కనబడకుండా అటు తిరిగి కూర్చోవచ్చు. ఎజ్రా ఇటే కూర్చున్నాడు.

మొదటి పాట అయిపోయింది. లోపల అందరూ ఉన్నారు. గుమ్మం బయట ఇద్దరే నిలబడ్డారు. దిల్‌మాయ చేతిలో ఎర్ర శాలువలో చుట్టిన పిల్ల. బహదూర్ తల దువ్వుకున్నాడు, కొత్త చొక్కాకి మడతలు ఇంకా పోలేదు. వాళ్ళు రోడ్డు వైపు చూడటం లేదు. వస్తాడా రాడా అని ఆత్రపడేవాళ్ళు చూస్తారు. వస్తాడని తెలిసినవాళ్ళు ఊరికే నిలబడతారు. వాళ్ళు ఊరికే నిలబడ్డారు.

రెండో పాట మొదలైంది. అది అయిపోతే పాస్టరు గారు వాక్యం చదివేస్తారు, తలుపు దగ్గరికి వేసేస్తారు.

"సచ్చింది గొర్రె," అనుకుంటూ ఎజ్రా చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు ఒకదానికింకోటి పెట్టుకుంటూ రోడ్డు దాటాడు. మోకాళ్ళు ఆ పూట నొప్పెట్టడం మరిచిపోయాయి.

దిల్‌మాయ పిల్లని అతని చేతుల్లో పెట్టింది. ఎజ్రా గుమ్మం మీద నిలబడ్డాడు. పాట ఆగింది. ఎజ్రా గొంతు సవరించుకున్నాడు.

"ఈ బిడ్డ మాన్‌బహదూర్, దిల్‌మాయల బిడ్డ. ఆళ్ళు నేపాలు కొండల్నుంచి వచ్చినోళ్ళు. ఈ బిడ్డకి తాతగా నిలబడ్డవోడు ఎజ్రా. ఆడు..." ఆగాడు. అలవాటు కొద్దీ నోరు దానంతటదే వెళ్ళిపోయింది. "ఆడు నడి సముద్రంలో, తుపాన్లో..."

"బావా!" అంది ఆడవాళ్ళ చాపల మీదినుంచి జ్ఞానసుందరి. "గుమ్మం మీదున్నావు."

ఎజ్రా పిల్ల మొహంలోకి చూశాడు. తర్వాత, లోడు దించేసిన లారీలా ఒక్కసారి తేలికపడి నవ్వేశాడు.

"నేదు, నేదు! తుపానూ నేదు, కెప్టెనూ నేడు! నాను రంగూన్లో పుట్టినాను. ఓడెక్కేనాటికే నడక వచ్చీసినాది నాకు. ఓడంతా పరిగెట్టి, ఎవులిదో మూకుడు బోర్లా దొబ్బి, మా యమ్మ సేత దెబ్బలు తిన్నాను. ఇశాపట్నంలో దిగినప్పుడు నాకు తెలుగు కంటే బర్మా మాటలే ఎక్కువ వచ్చునంట. ఈ పేట పిల్లలు నన్ను రంగూనోడనే పిలిసీవోరు. ఆళ్ళ నోరు మూయించడానికే ఆ కళ్ళు మూసుకున్న కత కట్టినాను!"

మొదట నవ్వింది ఎల్లాజీ. తర్వాత ఆగలేదు ఎవరూ. ఆదాము ఒక్కడే, "మరి కెంపో?" అన్నాడు దిగులుగా.

"కెంపు మాత్రం ఉన్నాది," అన్నాడు ఎజ్రా. "ఇన్నాళ్ళూ ఎక్కడెట్టినానో తెల్దు. ఇప్పుడు దొరికింది. ఈ పిల్ల పేరు రూబీ."

అంటూ కుడికాలు ముందు పెట్టి గుమ్మం దాటాడు. సరిగ్గా దాటుతున్నప్పుడు ఎర్ర శాలువలో పిల్ల కళ్ళు తెరిచి, పేట మొత్తాన్ని ఇటునుంచి అటు ఒకసారి చూసింది.

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. గది సంగతి ఎత్తడానికి అందరికీ మొహమాటం. చివరికి ఆదామే అన్నాడు. "అదంతా బాగుంది గాని ఎజ్రా, నువ్వే కదా బయటోళ్ళన్నావు. రేపు ఆ పిల్ల నేపాలుదవుతాదా, మనదవుతాదా?"

ఎజ్రా తలుపు దగ్గర నిలబడ్డ బహదూర్ వైపు ఓరగా చూశాడు. "ఒరే బహదూరు, మీ కొండ మీద కోడిపిల్ల గొడవ తీరిందేటి?"

"నేదు తాతా."

"నాను తీరుస్తాను. గుడ్డు ఏ ఊళ్ళో ఎట్టిందో దేనికిరా? పెద్దయి ఎవుడి పెంటకుప్పెక్కి కూస్తాదో, ఆ ఊరి కోడి అది."

ఎల్లాజీ పొట్ట పట్టుకున్నాడు. ఇన్నేళ్ళకి, ఎజ్రా మాటకి.

"ఓడిపోనాను తాతా," అన్నాడు బహదూర్.

గది బహదూర్‌కే ఉంది. ఒక్కటే షరతు పెట్టాడు ఎజ్రా: పాత్రకి ఇవతల తన చేతుల కుర్చీ పడాలి. పడింది. ఇప్పుడు పొద్దుట నేపాలు కొండలు, సాయంత్రం సాలూరు లారీలు. మధ్యలో రూబీ ఎవరి ఒళ్ళో ఉంటే వాళ్ళ కథ ఆ పూటకి నెగ్గినట్టు లెక్క. గ్లోరీ ఉయ్యాలకి రంగు వేయించింది. ఒడిశా కుర్రాడొకడు కూడా పెళ్ళాన్ని తెచ్చుకుంటాడట. గది దొరుకుతుందా అని ఎజ్రానే అడిగాడు. బయటివాళ్ళ సంగతులు బయటివాడికే తెలుస్తాయని అందరితో అనడం మొదలెట్టాడు ఎజ్రా. ఇప్పుడు అదో గొప్ప.

పోతే, మీకొక మాట చెప్పాలి. నేనైతే గుమ్మం మీద లేను, చాప మీద ఉన్నాను. అయినా చెప్పేస్తాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. గుమ్మం దాటుతున్నప్పుడు పిల్ల కళ్ళు తెరవలేదు. అంత గొడవలోనూ నోరు కాస్త తెరుచుకుని హాయిగా నిద్రపోయింది. ఎజ్రా కథ వదిలేశాక అది ఖాళీగా పడి ఉంటే, పాడైపోతుందని నేను తీసి రూబీకి తొడిగాను. కోడిగుడ్డు సంగతి మాత్రం నాకు తెలియదు. అది బహదూర్‌నే అడగండి.